గ్లెన్ వెలెజ్ ఫ్రేమ్ డ్రమ్ రికార్డింగులు: ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

వెన్నెలబాట

అందరికీ నమస్కారం. నేను ఎక్కువగా వినేది గాత్ర కచేరీలు. లయవాద్యాలతో నా పరిచయం తని ఆవర్తనం (కచేరీలో లయవాద్యాలు మాత్రమే వాయించే భాగం) వరకే. ఈమధ్య లెబనాన్‌కి చెందిన ఊద్ (అరబ్ తీగల వాద్యం) విద్వాంసుడు రబీహ్ అబూ ఖలీల్ 'నఫస్' (ఈసీఎం రికార్డుల సంస్థ, 1988) వింటుంటే, ఊద్ కింద మోగుతున్న ఒక చర్మవాద్యం మీదికే నా ధ్యాస మళ్లీ మళ్లీ పోయింది. అందులో దర్బుకా (గ్లాసు ఆకారపు అరబ్ చేతి డ్రమ్) కూడా ఉంది, అది టకటకమని విడిగా తెలిసిపోతుంది. ఇది వేరు. లోతుగా, నెమ్మదిగా, చాలాసేపు మోగే శబ్దం. వివరాల్లో చూస్తే 'గ్లెన్ వెలెజ్, ఫ్రేమ్ డ్రమ్స్' అని ఉంది, అంటే లోతు తక్కువ చట్రానికి ఒకవైపే చర్మం బిగించిన వాద్యాలు.

తర్వాత ఆయన సొంత రికార్డు 'ఇంటర్నల్ కంబషన్' (1985) పెట్టాను. ఆయన, లేన్ రెడ్‌మండ్ అనే ఆవిడ, ఇద్దరే. రికార్డంతా చేతి వాద్యాలే. కాసేపటికి సమం (తాళం మొదలయ్యే దెబ్బ) ఎక్కడుందో నాకు అందకుండా పోయింది. ఎవరూ ముక్తాయి (లెక్క కట్టి ముగించే వరస) వైపు నడవడం లేదు, ఎవరూ ఎవరికీ సవాలు విసరడం లేదు. అయినా ఆపాలనిపించలేదు.

ఈయన రికార్డులు చాలానే ఉన్నాయి. ఏ వరసలో వినాలి? అసలు వినేటప్పుడు దేన్ని పట్టుకోవాలి? తెలిసినవాళ్లు కాస్త తీరిగ్గా చెప్పండి.

లయకారి

మంచి ప్రశ్న వేశారండీ. ముందు మనిషి గురించి నాలుగు ముక్కలు. వెలెజ్ 1949లో టెక్సస్‌లోని డాలస్‌లో పుట్టాడు. మొదట జాజ్ డ్రమ్స్ వాయించాడు. న్యూయార్క్ చేరాక 1970లలో స్వరకర్త స్టీవ్ రైక్ బృందంలో కుదురుకుని ఆ దశాబ్దమంతా, 80లలో కూడా కొన్నేళ్లు వాళ్లతోనే ఉన్నాడు. అక్కడ ఉంటూనే ఒక్కో దేశపు ఫ్రేమ్ డ్రమ్‌ని ఆ సంప్రదాయం తెలిసిన గురువు దగ్గర కూర్చుని నేర్చుకుంటూ వచ్చాడు. అరబ్ దేశాల తార్, బ్రెజిల్ పాండేరో, అజర్‌బైజాన్ గవాల్, మన కంజీర, ఇలా.

నా సలహా ఏమిటంటే, ఆయన సొంత రికార్డులకంటే ముందు రైక్ రాసిన 'తెహిల్లిమ్' వినండి. ఈసీఎం 1982లో తెచ్చిన రికార్డింగులో వెలెజ్ వాయించాడు. హీబ్రూ కీర్తనలకి నాలుగు స్త్రీ గళాలు. మొదట్లో గొంతుకి తోడుగా ఉండేవి చప్పట్లూ, బిళ్లలు తీసేసి శ్రుతి చేసిన చిన్న టాంబొరిన్లూ మాత్రమే. మీరు సమం దొరకట్లేదన్నారు కదా. ఈ రచనలో స్థిరమైన తాళమే లేదు. మాటల్లోని హ్రస్వ దీర్ఘాలు ఎలా పడితే లెక్క అలా మారుతుంది, రెండూ మూడూ కలుస్తూ విడిపోతూ ఉంటాయి. పాట ఉంది కాబట్టి దాన్ని పట్టుకుని నడవచ్చు. గాత్రం వినే అలవాటున్నవారికి ఇదే సులువైన దారి అని నా నమ్మకం. డ్రమ్ పని ఏమిటో అక్కడ చెవికి తెలుస్తుంది: అది పాటకి తాళం వేయదు, పాట వెంట నడుస్తుంది.

ఆ తర్వాత 'సెవెన్ హెవెన్'. దాని గురించి వివరంగా రాస్తాను, ఇప్పుడు టైమ్ లేదు.

పనసచట్రం

నేను కంజీర వాయిస్తాను కాబట్టి ఒక మాట చెప్పనివ్వండి. వెలెజ్‌ని కంజీర విద్వాంసుడిగా పరిచయం చేయడం చాలాచోట్ల చూస్తున్నాను. అది నాకు మింగుడుపడదు.

కంజీర అంటే ఏడెనిమిది అంగుళాల పనసచెక్క చట్రం, ఉడుము చర్మం, ఒక జత బిళ్లలు. చర్మం లోపలివైపు తడి చేస్తే శ్రుతి దిగుతుంది. చట్రం పట్టుకున్న ఎడమచేతి వేళ్లతోనే చర్మాన్ని నొక్కి వదిలితే నాదం వంగుతుంది. ఇంత చిన్న వాద్యంలోంచి అంత గుంభనమైన 'గుం' ఎలా వస్తుందో వినాలంటే జి. హరిశంకర్ (1958–2002) తని ఆవర్తనాలు వినండి. పుదుక్కోట్టై మాన్‌పూండియా పిళ్లై కంజీరని కచేరీ వేదిక మీదికి తెచ్చిన దగ్గర్నుంచీ వచ్చిన దారి అది. మృదంగం పక్కన కూర్చుని, అది చెప్పిన ప్రతి జతినీ (దెబ్బల పలుకుల వరసనీ) ఒక్క చేత్తో తిరిగి చెప్పాలి. ఆ కసరత్తు లేని కంజీర నా దృష్టిలో కంజీర కాదు.

వెలెజ్ నెమ్మదిగా వాయిస్తాడు. ఒకే నడకని ఐదారు నిమిషాలు తిప్పుతాడు. గతి భేదం (ఒక్కో అక్షరంలోని దెబ్బల విభజన మారడం) వస్తుంది, కానీ లెక్క కట్టి దించే ఉత్సాహం కనిపించదు. బాగా వాయిస్తాడు, కాదనను. మన కొలతల్లో మాత్రం చాలా వదిలేసినట్టు అనిపిస్తుంది.

సౌండ్‌బల్ల

పనసచట్రం అన్నా, మీరు చెప్పిన 'నెమ్మది' దగ్గరే నాకు అసలు విషయం కనిపిస్తోంది. నేను రికార్డింగ్ పని చేస్తాను, అటువైపు నుంచి చెప్తాను.

మృదంగం కుడిమూత మధ్యలో కరణి (నల్లటి ముద్ద పూత) ఉంటుంది. దానివల్ల ఆ చర్మంలో పుట్టే అనుస్వరాలు (మూల నాదం పైన మోగే సన్నటి స్వరాలు) ఒక క్రమంలోకి వస్తాయి, అందుకే మృదంగాన్ని షడ్జానికి శ్రుతి చేయగలుగుతున్నాం. దీన్ని సి.వి. రామన్ 1920లోనే పరిశోధించి ప్రచురించారు. ఫ్రేమ్ డ్రమ్‌కి కరణి లేదు. సమంగా సాగదీసిన గుండ్రటి చర్మంలో మూల కంపనం 1 అనుకుంటే, తర్వాతివి 1.59, 2.14, 2.30 ఇలా వస్తాయి. ఒక్కటీ పూర్ణ సంఖ్య కాదు. అందువల్ల అది ఒక స్వరంగా గట్టిగా నిలబడదు, చాలా స్వరాల గుంపుగా వినిపిస్తుంది.

ఆ గుంపులో ఏది పైకి రావాలో నిర్ణయించేది దెబ్బ పడిన చోటు. నడిమధ్యలో కొడితే కొన్ని కంపనాలే లేస్తాయి, మూల కంపనం తన శక్తినంతా త్వరగా గాలికి ఇచ్చేసి ఆగిపోతుంది. 'దబ్' అని పొడిగా ఉంటుంది. అంచుకి దగ్గరగా బొటనవేలితో కొడితే పక్కవాటు కంపనాలు లేచి చాలాసేపు నిలుస్తాయి. అంచు మీదే వేలికొనతో కొడితే లోతు తగ్గి పై అనుస్వరాలు మిగులుతాయి. వెలెజ్ చేసే పని సగం ఇక్కడే ఉంది. ఒకే నడకని ఐదు నిమిషాలు తిప్పుతున్నాడని మీరన్నారు. ఆ ఐదు నిమిషాల్లో ఆయన వేలు అంచు నుంచి లోపలికి ఎంత జరిగిందో వినండి. లెక్క మారదు, రంగు మారుతుంది. దీన్ని వేగంగా వాయిస్తే ఒక దెబ్బ మోత పూర్తికాకముందే ఇంకోటి పడి మూసేస్తుంది. నెమ్మది ఆయనకి అవసరం.

వెన్నెలబాట గారూ, మీరు ఫోన్ స్పీకర్ మీద వింటుంటే దయచేసి ఆపేయండి. పెద్ద బొధ్రాన్ (ఐర్లండ్ ఫ్రేమ్ డ్రమ్), తార్‌ల మూల నాదం చాలా కింద ఉంటుంది. ఫోన్ స్పీకర్లు 200, 300 హెర్ట్జ్ కిందికి వెళ్లేసరికి చేతులెత్తేస్తాయి. మిగిలేది వేళ్ల టకటక ఒక్కటే. మామూలు వైరు హెడ్‌ఫోన్స్ అయినా ఫరవాలేదు, ఫోన్ స్పీకర్ మాత్రం వద్దు.

వెన్నెలబాట

సౌండ్‌బల్ల గారూ, చాలా థాంక్స్. హెడ్‌ఫోన్స్‌తో మళ్లీ విన్నాను. మొదటిసారి నేను అసలు వినని శబ్దాలు కింద అంతసేపూ ఉన్నాయి. ఒక దెబ్బ తర్వాత సన్నగా ఈల లాంటిది మిగులుతోంది, దాని ఎత్తు కొంచెం కొంచెం మారుతోంది. మీరు చెప్పిన రంగు అదేనా?

'తెహిల్లిమ్' కూడా మొదలుపెట్టాను. లయకారి గారు చెప్పినట్టు గొంతు వెంట వెళ్తే చాలనిపించింది. లెక్క గురించి టెన్షన్ పోయింది.

సౌండ్‌బల్ల

అదేనండీ.

ఇంకో సంగతి. ఫ్రేమ్ డ్రమ్‌కి వెనక మూత లేదు. చర్మం ముందుకి కదిలినప్పుడు వెనక గాలి పలచబడుతుంది. రెండు వైపుల నుంచీ వచ్చే అలలు పరస్పరం ఎదురు, అంచు వైపు నిలబడితే కింది నాదం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. అందుకని మైకు ముందు వాద్యం కొద్దిగా తిరిగినా బాస్ మారిపోతుంది. నిలబెట్టి పట్టుకుని వాయించేటప్పుడు చట్రం కదులుతూనే ఉంటుంది కదా. రికార్డ్ చేసేవాడికి ఇది తలనొప్పి, వినేవాడికి మాత్రం ఒక ఊపిరి అందుతుంది. ఈ వాద్యాన్ని అతి దగ్గర మైకు పెట్టి, కంప్రెషన్ (పెద్ద, చిన్న శబ్దాల మధ్య తేడా తగ్గించడం) దట్టించి రికార్డ్ చేస్తే అది చచ్చిపోతుంది. 80లలో జర్మనీకి చెందిన సీఎంపీ సంస్థ వెలెజ్‌తో చేసిన రికార్డుల్లో మంచి ఎడం ఉంది, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీని తుడిచేయలేదు.

లయకారి

మాటిచ్చాను కాబట్టి రికార్డుల గురించి. అన్నిటికీ సమానంగా రాయను, నాకు ముఖ్యమనిపించిన వాటి దగ్గరే ఆగుతాను.

'ఇంటర్నల్ కంబషన్' మీరు ఇప్పటికే విన్నారు. దాన్ని మొదటి రికార్డుగా వినడం కొంచెం కష్టమే, ఎందుకంటే అందులో పట్టుకోవడానికి రాగం లేదు. ఇద్దరి మధ్య పని ఎలా పంచుకున్నారో గమనించండి. ఎవరో ఒకరు నడకని మార్చకుండా నిలబెడతారు, రెండోవారు దాని మీద వేరే పొడవున్న నడక వేస్తారు. రెండూ ఎప్పుడో ఒకచోట కలుస్తాయి. ఆ కలిసే చోటుని వాళ్లు మోగించి చూపించరు, తలాడించి దాటిపోతారు. మనకి సమం దగ్గర చప్పట్లు కొట్టే అలవాటు కాబట్టి అది దొరక్క ఇబ్బంది పడతాం.

'సెవెన్ హెవెన్' (1987) నా ప్రాణం. వెలెజ్, రెడ్‌మండ్, ఇంకా బాన్సురి వాయించే స్టీవ్ గోర్న్. ఈ గోర్న్ అమెరికన్ అయినా హిందుస్తానీ సంగీతం శ్రద్ధగా నేర్చుకున్నవాడు, ఆ వేణువులో మీండ్ (ఒక స్వరం నుంచి ఇంకోదానికి జారడం) నిజంగా మీండ్‌లాగే ఉంటుంది. వేణువు పొడుగ్గా ఒక స్వరం పట్టుకుని ఉండగా, కింద డ్రమ్ ఏ దెబ్బ వేస్తే ఆ స్వరానికి ఏ నీడ పడుతుందో వినొచ్చు. వెన్నెలబాట గారూ, మీరు విన్న 'ఈల' ఇక్కడ వేణువుతో మాట్లాడుతుంది. అన్నట్టు, వెలెజ్ ఓవర్‌టోన్ గానం కూడా చేస్తాడు. అంటే ఒకే గొంతులో కింద ఒక ఆధార స్వరం, పైన నోటి ఆకారం మార్చి తెచ్చే సన్నటి అనుస్వరం. డ్రమ్ మీద అంచుకీ నడిమికీ మధ్య ఆయన చేస్తున్న పనే గొంతులోనూ చేస్తున్నాడు. ఈ రెండూ ఒకే మనిషి ఆసక్తి అని తెలిశాక నాకు ఆయన రికార్డులన్నీ ఇంకోలా వినిపించడం మొదలుపెట్టాయి.

'అసీరియన్ రోజ్' (1989)లో బృందం పెద్దది. హార్మోనికా, పియానో వాయించే హోవర్డ్ లెవీ, ఫ్రెంచ్ హార్న్‌తో జాన్ క్లార్క్ చేరారు. చాలామందికి ఇదే నచ్చుతుంది. నాకు మాత్రం రాగవాద్యాలు ఎక్కువై డ్రమ్ వెనక్కి పోయిందనిపిస్తుంది. కొత్తవారికి సుఖంగా ఉంటుంది, కాదనను.

'డాక్ట్రిన్ ఆఫ్ సిగ్నేచర్స్' (1991) మళ్లీ డ్రమ్ములే, ఈసారి ఒక బృందం. వేరువేరు సైజుల చట్రాలు, ఒక్కొక్కరికీ చిన్న చిన్న పని. ఎవరి దెబ్బ ఎవరిదో విడదీయాలని చూడకండి. ఆ దెబ్బలన్నీ కలిసి ఒక పెద్ద చర్మం మీద పడుతున్నట్టు వినండి. దీన్ని చివరికి దాచుకోండి, ముందే పెడితే విసుగొస్తుంది.

ఇవి కాక 1983 నుంచి పాల్ వింటర్ కన్సర్ట్ బృందంతో వాయించినవి ఉన్నాయి. న్యూయార్క్‌లోని సెయింట్ జాన్ ది డివైన్ కేథడ్రల్‌లో వాళ్లు ఏటా చేస్తూ వచ్చిన శీతాకాలపు అయనాంత కచేరీలలో ఆయన వాద్యం వినాలి. అంత పెద్ద రాతి కట్టడంలో ఒక్కో దెబ్బ చాలాసేపు తిరుగుతుంది. అందుకు తగ్గట్టు ఆయన దెబ్బలు తగ్గించేస్తాడు. సీఎంపీ రికార్డుల పక్కన పెట్టి వింటే, గది కూడా వాద్యంలో భాగమేనని అర్థమవుతుంది.

చినుకు

నేను ఇప్పటిదాకా చదువుతూ ఉన్నాను. ఒక చిన్న ప్రశ్న. బొధ్రాన్, తార్ అని రాస్తున్నారు, బెందిర్, రిక్ అనేవి కూడా ఉన్నాయట. చూడ్డానికి అన్నీ జల్లెడకి చర్మం బిగించినట్టే ఉన్నాయి. వింటే ఏది ఏదో ఎలా తెలుస్తుంది? మన డప్పు కూడా ఈ జాతేనా?

పనసచట్రం

డప్పు కూడా ఈ జాతే తమ్ముడూ. లోతు తక్కువ చట్రం, ఒకవైపే చర్మం. తేడా అల్లా డప్పుని పుల్లలతో కొడతారు, ఇక్కడ మనం మాట్లాడుకుంటున్నవి వేళ్లతో. ఐర్లండ్‌లో బొధ్రాన్‌ని కూడా చిన్న కర్రతోనే వాయిస్తారు, వెలెజ్ దాన్ని చేత్తో వాయిస్తాడు.

చెవితో గుర్తుపట్టడానికి: దెబ్బ వెనకాల జుర్రుమని గరగర వస్తే బెందిర్, ఉత్తర ఆఫ్రికాది, చర్మం లోపలివైపు దారాలు కట్టి ఉంటాయి. గరగర లేకుండా శుభ్రంగా, చాలాసేపు మోగితే తార్. గలగలలు సన్నగా, దగ్గరదగ్గరగా, వేళ్లతో విడిగా మోగుతుంటే రిక్, అరబ్ తక్త్ బృందంలో వాడే చిన్నది. గలగల పొడిగా, తక్కువసేపు ఉండి, కింద గట్టి బాస్ ఉంటే పాండేరో. గొలుసు ఊగినట్టు జల్లుమంటే ఇరాన్ దఫ్, చట్రం లోపల చుట్టూ రింగులుంటాయి.

పాండేరో ఎంత చేయగలదో వినాలంటే మార్కోస్ సుజానో వాయించినవి వెతుకు. గాయకుడు లెనినితో కలిసి 1993లో చేసిన 'ఓల్యో జి పేషి' ఉంది. గొంతు, గిటారు, పాండేరో. డ్రమ్‌సెట్ లేదని ఎక్కడా అనిపించదు.

ముంగిట్లో_మువ్వ

లేన్ రెడ్‌మండ్ పేరు పైన రెండు మూడుసార్లు వచ్చింది కానీ ఎవరూ ఆగలేదు. నేను ఆగుతాను.

ఆమె (1952–2013) వెలెజ్ దగ్గర నేర్చుకుంది, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆయనతో సమానంగా వాయించింది. పైన చెప్పిన సీఎంపీ రికార్డుల్లో ఆమె పాత్రని 'తోడు వాద్యం' అనుకుంటే చాలా పోగొట్టుకుంటాం. లయకారి గారు చెప్పిన 'నడకని నిలబెట్టే మనిషి' పని, నాకు అర్థమైనంతవరకు, అన్నిటికన్నా కష్టమైనది. పక్కన ఇంకొకరు వేరే లెక్క వేస్తుంటే మన దెబ్బ వెంట్రుకవాసి కూడా జరగకూడదు. బరువు మారకూడదు. విసుగు వినపడకూడదు.

ప్రాచీన మధ్యధరా ప్రాంతపు శిల్పాల్లో, మట్టిబొమ్మల్లో ఫ్రేమ్ డ్రమ్ పట్టుకున్నవాళ్లలో ఎక్కువమంది స్త్రీలే ఎందుకున్నారనే ప్రశ్న ఆమెని పట్టుకుంది. దాని మీద పనిచేసి 1997లో పుస్తకం తెచ్చింది. ఆమె సొంత రికార్డులు వెలెజ్ రికార్డులకన్నా సూటిగా ఉంటాయి, మంత్రంలా ఒకే చోట తిరుగుతాయి. పదిమంది కలిసి వాయించడానికి చేసిన సంగీతం అది. మొదటిసారి ఫ్రేమ్ డ్రమ్ పట్టుకున్న ఆడవాళ్లు ఎంతమంది ఆమె పేరు చెప్తారో!

లయకారి

మువ్వ గారూ, వాద్యం గురించి మీరన్నది అక్షరాలా నిజం. పుస్తకం విషయంలో మాత్రం ఒక హెచ్చరిక. బొమ్మల్లో స్త్రీల చేతుల్లో ఫ్రేమ్ డ్రమ్ ఉందన్నది తిరుగులేని సాక్ష్యం. ఆ బొమ్మల్ని పట్టుకుని అప్పటి పూజా విధానాల గురించి, దాని నుంచి వాద్యాన్ని ఎలా దూరం చేశారన్నదాని గురించి ఆమె చెప్పేవాటిలో ఊహ పాలు ఎక్కువ. చదవండి, కానీ చరిత్ర పుస్తకంగా కాకుండా ఒక వాద్యకారిణి వెతుకులాటగా చదవండి.

ముంగిట్లో_మువ్వ

ఒప్పుకుంటాను, ఊహ ఉంది. కానీ ఆ బొమ్మలన్నిటినీ ఒకచోట పెట్టి 'ఈ చేతుల్ని చూడండి' అని వాద్యకారుల్ని అడిగింది ఆమె. చట్రాన్ని ఎడమచేత్తో కింద నుంచి పట్టుకోవడం, కుడిచెయ్యి అంచు మీద ఉండడం, ఇవాళ మనం చూసే పట్టే అది. వాయించేవారికే ఆ సంగతి వెంటనే తడుతుంది. ఆ మేరకు అది సాక్ష్యమే.

పనసచట్రం

నేను మొదట రాసిన మాట మీదే ఉన్నాను. కానీ ఒక విషయం రాయకపోతే అన్యాయమవుతుంది.

వెలెజ్‌కి కంజీర నేర్పింది రామనాడు రాఘవన్ గారు. అమెరికాలో వెస్లియన్ యూనివర్సిటీలో మృదంగం బోధించారు. ఈ పేరు వేరేచోట మీలో చాలామంది వినే ఉంటారు. జాన్ మెక్‌లాఫ్లిన్ 'శక్తి' బృందం 1975లో వాయించిన మొదటి లైవ్ రికార్డులో, విక్కు వినాయక్‌రామ్ గారి ఘటం పక్కన మృదంగం ఆయనదే. కాబట్టి పాఠం ఎక్కణ్ణుంచి వచ్చిందన్న దాంట్లో నాకు పేచీ లేదు.

ఆ పాఠంతో వెలెజ్ ఏం చేశాడన్నది ఆసక్తికరం. కంజీర వేళ్లలో ముఖ్యమైన కిటుకు అరచేతిని రెండు భాగాలుగా వాడడం. చూపుడువేలు ఒక వైపు, మిగతా వేళ్లు ఒక వైపు, ముంజెయ్యి అటూ ఇటూ తిప్పితే ఒకే చేత్తో రెండు చేతుల వేగం వస్తుంది. వెలెజ్ ఈ పద్ధతిని తీసుకెళ్లి బొధ్రాన్, తార్ లాంటి పెద్ద చట్రాల మీద పెట్టాడు. పాశ్చాత్య వాద్యకారులు దీన్ని 'స్ప్లిట్ హ్యాండ్' అంటారు, ఇవాళ ప్రపంచమంతా నేర్పుతున్నారు. పెద్ద చర్మం మీద ఆ వేగం కొంత తగ్గక తప్పదు, చర్మం తిరిగి రావడానికి టైమ్ పడుతుంది. నాకు లోటుగా అనిపించిన నెమ్మదికి సౌండ్‌బల్ల చెప్పిన కారణం ఒకటైతే ఇది రెండోది.

అయినా ఎడమచేతి వేళ్ల వంపు, నీళ్లు పోసి దించిన ఆ 'గుం' ఉడుము చర్మానికే చెల్లింది. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత ఉడుమును వేటాడకూడదు, అది న్యాయమే. ఇప్పుడు మేకతోలు, సింథటిక్ మూతలతో చాలామంది ఆ నాదానికి దగ్గరగా వస్తున్నారు. పాత రికార్డుల్లోని కంజీర ధ్వనిని జాగ్రత్తగా వినడానికి ఇదొక కారణం.

చినుకు

స్ప్లిట్ హ్యాండ్ అని వెతికితే వెలెజ్ బోధన ఆడియోలు వచ్చాయి. 'బ్రీతింగ్ రిథమ్స్' అని ఒకటి. నాకు వాద్యమే లేదు. వినడానికి పనికొస్తుందా?

ముంగిట్లో_మువ్వ

వాద్యం లేకుండానే పనికొస్తుంది. అందులో నడక, చప్పట్లు, గొంతు, ఊపిరి, వీటితోనే పాఠం. కాళ్లు ఒక లెక్కలో, చేతులు ఇంకో లెక్కలో, నోటితో మూడోది. దెబ్బలకి ఆయన 'దుమ్', 'తక్', 'క' లాంటి పలుకులు వాడతాడు, ముందు నోటితో చెప్పించి తర్వాతే చేతికిస్తాడు. జతులు చెప్పుకుంటూ పెరిగినవారికి ఇది కొత్తేమీ కాదు, కానీ అడుగులతో కలపడం ఒళ్లంతా పట్టుకుంటుంది. ఆయన భార్య లోరీ కాట్లర్ కొన్నక్కోల్ (జతుల్ని గొంతుతో పలికే కళ) ఆధారంగా పాడుతుంది. ఇద్దరూ కలిసి చేసిన జంట పేరే 'త క ది మి'. వాటిలో గొంతూ డ్రమ్మూ ఒకదాన్నొకటి అనుకరిస్తూ పోతాయి. పనసచట్రం గారికి వెలెజ్‌లో లెక్క ఉత్సాహం కనిపించలేదు కదా, ఆ జంట దగ్గర కనిపిస్తుందని నా నమ్మకం.

ఒక్క సలహా: పాఠాన్ని కూర్చుని వినొద్దు. లేచి నడుస్తూ విను. మూడుకి కాళ్లు, రెండుకి చేతులు కుదిరాక 'ఇంటర్నల్ కంబషన్' పెట్టు. వెన్నెలబాట గారు సమం పోగొట్టుకున్న చోట్లు నీకు ఒంట్లో తెలుస్తాయి.

వెన్నెలబాట

ఇంత వస్తుందనుకోలేదు. అందరికీ కృతజ్ఞతలు. 'సెవెన్ హెవెన్' ఈ వారమంతా విన్నాను. వేణువు ఆగి, డ్రమ్ ఒక్కటే మిగిలిన చోట్ల కూడా ఏదో స్వరం నిలబడి ఉన్నట్టే అనిపించింది. గాత్రంలో తంబురా వినడం నేర్చుకున్న చెవి ఇక్కడ పనికొస్తోందనుకుంటాను. మృదంగంలో నేను ఎప్పుడూ జతుల్నే వెతికాను, ఇకనుంచి మోతని కూడా వింటాను.

ఒక్కటే మిగిలింది. నేను మొదలుపెట్టింది 'నఫస్'తో. అబూ ఖలీల్‌తో ఆయన వాయించినవి ఇంకా ఉన్నాయా? పనసచట్రం గారికీ సౌండ్‌బల్ల గారికీ మధ్య వచ్చిన వాదనని ఒకే రికార్డులో విని తేల్చుకునే వీలుందా?

సౌండ్‌బల్ల

ఉంది, వాదనకి సరిగ్గా సరిపోయేది.

'నఫస్'కి దగ్గరగా కావాలంటే 'రూట్స్ అండ్ స్ప్రౌట్స్'. నాయ్ (అరబ్ వేణువు), వయొలిన్, బేస్ ఉన్నాయి, సంప్రదాయ అరబ్ ధోరణి. అందులో వెలెజ్ దర్బుకాకి చోటు వదిలి కింద ఉంటాడు. ఆ వదలడం ఎంత జాగ్రత్తగా ఉందో వినండి.

కానీ మీరడిగింది 'బుక్రా'. ఊద్, సోనీ ఫార్చూన్ ఆల్టో సాక్సోఫోన్, గ్లెన్ మూర్ బేస్, ఒక పక్క వెలెజ్ ఫ్రేమ్ డ్రమ్స్, ఇంకో పక్క రమేష్ షోథమ్ దక్షిణాది వాద్యాలు. సాక్సోఫోన్ గట్టిగా ఉంటుంది, మొదట అదే వినిపిస్తుంది. రెండోసారి దాన్ని వదిలేసి కిందికి దిగండి. జతుల్లో మాట్లాడే చెయ్యి ఒకటి, మోతతో మాట్లాడే చెయ్యి ఒకటి, రెండూ ఒకే తాళంలో.

పనసచట్రం

'బుక్రా' నా దగ్గర ఉంది. రేపు పొద్దున మళ్లీ వింటాను. ఏ ట్రాక్‌లో ఎన్నో నిమిషం దగ్గర ఎవరు ఏం వేశారో రాస్తాను, సౌండ్‌బల్ల తమ్ముడు కూడా రాయాలి. వెన్నెలబాట గారు రెండూ పక్కపక్కన పెట్టుకుని వింటారు.